డబ్బా కాదమ్మా... పెడల్!

దసరాకి ఇల్లు సర్దుతుంటే మా అమ్మాయి బీరువా కింది అరలో పాత చున్నీలో చుట్టి దాచిన ఇనుప డబ్బా ఒకటి దొరికింది. అరచేతిలో పట్టేంత ఉంది. ముదురు ఎరుపు రంగు. పైన మూడు నాబులు, కింద కాలితో నొక్కే మీట, రెండు పక్కలా రెండు కన్నాలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏదో కాలిన వాసన.

"ఇదేమిటే ఈ డబ్బా?" అన్నాను.

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల. నా చేతిలో అది చూడగానే ముఖం పాలిపోయింది. "డబ్బా కాదమ్మా... పెడల్. గిటారుకి పెట్టేది. నేనే కాల్చేశాను" అని భోరుమంది.

పెడల్ అంటే నాకు తెలిసినవి రెండే... కుట్టుమిషనుదీ, సైకిలుదీ. ఆర్నెల్ల కిందట ఆ మాట ఎత్తినప్పుడు నేనేమన్నానో అప్పుడు గుర్తొచ్చింది. "గిటారన్నావు, కొనిచ్చాం. ఇప్పుడున్న గోల చాలకనా, ఇంకా పెడల్ ఒకటీ!" అని గదమాయించాను. అది మళ్లీ అడగలేదు. అడగడం మానేసింది గానీ ఆశ మానలేదు. సంక్రాంతికి తాతయ్యా మేనమామా ఇచ్చిన డబ్బు దాచుకుని, జూన్లో కాలేజీ సీనియర్ దగ్గర 1,800 రూపాయలకి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంది. దానికి అడాప్టర్ ఇవ్వలేదట. అటక మీదున్న పాత ఇంటర్నెట్ రౌటర్ అడాప్టర్ తెచ్చి గుచ్చింది. పిన్ను సరిపోయింది కదా అనుకుంది. చిన్న శబ్దం, కాస్త పొగ, అంతే.

నాలుగు నెలలు! రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్న పిల్ల నాలుగు నెలలు ఈ దిగులు లోపలే పెట్టుకుంది. 1,800 పోయినందుకు నాకేమీ అనిపించలేదు. నాతో చెప్పుకోలేకపోయిందే, అదీ బాధ. చెబితే ఏమంటానో దానికి ముందే తెలుసు మరి.

ఆ ఆదివారం సాయంత్రం దాన్నీ, ఆ ఎర్ర డబ్బానీ వెంటబెట్టుకుని వాళ్ల గిటారు మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన పొద్దున చర్చిలో వాయించి, సాయంత్రం పిల్లలకి పాఠాలు చెబుతారు. "మాస్టారూ, ఈ వస్తువుల సంగతేమిటో నాకు మొదటినుంచీ చెప్పండి. అమ్మాయికి కాదు, నాకు" అన్నాను. ఆయన నవ్వి కుర్చీ వేశారు. ఆ రోజూ, ఆ తర్వాత రెండు నెలల్లోనూ నేను నేర్చుకున్నదే ఇది. మీ ఇంట్లోనూ గిటారు పట్టుకున్న పిల్లో పిల్లాడో ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

గిటారు సగమే, మిగతా సగం ఆంప్

మామూలు గిటారుకి బోలు పొట్ట ఉంటుంది. తీగ కదిలితే ఆ పొట్టలోని గాలి మోగుతుంది. ఎలక్ట్రిక్ గిటారుకి చాలావాటిలో పొట్టే ఉండదు, అది చెక్క దిమ్మ. తీగల కింద అయస్కాంతాలూ, వాటి చుట్టూ సన్నని రాగి తీగ చుట్టలూ ఉంటాయి. వాటిని పికప్ అంటారు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో అతి కొద్దిగా కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఆంప్లిఫయర్‌కి... అందరూ ఆంప్ అంటారు... చేరాకే మనకి వినపడే పాట అవుతుంది. కాబట్టి ఆంప్ లేకుండా ఎలక్ట్రిక్ గిటారు కొనిస్తే స్టవ్ కొని గ్యాస్ తీసుకోనట్టే. మేం చేసింది అదే! ఎనిమిది నెలలు మా పిల్ల పాత హోమ్ థియేటర్ స్పీకర్‌కి తగిలించి వాయించింది. అది చప్పగా, చెవికి గుచ్చుకునేట్టు మోగేది. "ఉన్న గోల" అని నేను విసుక్కున్నది ఆ మోతనే.

మాస్టారు మొట్టమొదట చెప్పిన మాట, "మేడమ్, పెడల్ తర్వాత. ముందు ఒక చిన్న ఆంప్." ఇంట్లో సాధనకి పది పదిహేను వాట్లది చాలు. వాట్లు రెట్టింపయితే మోత రెట్టింపు కాదు, కొద్దిగానే పెరుగుతుంది. అందుకని పెద్ద అంకె చూసి డబ్బు పోయక్కర్లేదు. చూడాల్సినవి రెండు. ఒకటి, హెడ్‌ఫోన్ పెట్టుకునే కన్నం ఉందా? అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకి ఇది వరం. రెండు, మామూలు మోతతోపాటు గరగరలాడే మోతకి వేరే చానల్ ఉందా? చాలా చిన్న ఆంప్‌లలో అది ఉంటుంది. ఉంటే ఆ పని చేసే పెడల్ వెంటనే కొనక్కర్లేదు.

ఇంతకీ పెడల్ ఏం చేస్తుంది?

గిటారుకీ ఆంప్‌కీ మధ్య కూర్చుని ఆ చిన్న కరెంటు రూపాన్ని మారుస్తుంది. చేతులు రెండూ తీగల మీద ఉంటాయి కదా, అందుకని కాలితో నొక్కేట్టు పెట్టారు. షాపులో వందల రకాలు కనపడతాయి గానీ కుటుంబాలు నాలుగే అనుకోండి.

మొదటిది గరగర కుటుంబం. ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్... ఒకదానికంటే ఒకటి ఘాటు. రాక్ పాటల్లో గిటారు గర్జించినట్టుంటుందే, అది వీటి పనే. రెండోది ఊగే కుటుంబం. కోరస్, ఫేజర్ లాంటివి. ఒక్క గిటారే నాలుగు గిటార్లు కలిసి వాయించినట్టు, నీళ్లలో అల ఆడినట్టు వినపడుతుంది. మూడోది ప్రతిధ్వని కుటుంబం. డిలే అంటే వాయించిన స్వరం కాస్త ఆగి మళ్లీ మళ్లీ పలకడం. రివర్బ్ అంటే పెద్ద హాల్లోనో గుళ్లో మండపంలోనో వాయించినట్టు మోగడం. నాలుగోది సర్దుబాటు కుటుంబం. పెద్ద చిన్న మోతల్ని సమానం చేసే కంప్రెసర్, మడమా వేళ్లతో ఊపుతుంటే "వా... వా" అని పలికించే వా పెడల్, శ్రుతి చూపించే ట్యూనర్ ఇందులోకి వస్తాయి.

ఈ గరగర పుట్టిన కథ నాకు భలే నచ్చింది. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తుంటే స్టూడియో మిషనులో ఒక చానల్ చెడిపోయి, బేస్ గిటారు బొంగురుపోయినట్టు వచ్చింది. దాన్ని తీసెయ్యకుండా అలాగే ఉంచేశారు. 1961లో పాట విడుదలై హిట్టయింది. ఆ చెడిపోయిన మోత మాకూ కావాలని తక్కిన వాళ్లు అడగడంతో, అక్కడి ఇంజినీరు గ్లెన్ స్నాడీ అదే మోత వచ్చే చిన్న డబ్బా తయారుచేశాడు. 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అది బజారులోకి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ తమ 'శాటిస్‌ఫాక్షన్' పాటలో వాడాక ప్రపంచమంతా పాకింది. అంటే, ఒక మరమ్మతు చెయ్యాల్సిన లోపం కోసమే ఇప్పుడు పిల్లలు డబ్బు పెట్టి కొంటున్నారన్నమాట!

ముందు పోపు, చివర కొత్తిమీర

ఒకటికంటే ఎక్కువ పెడల్స్ ఉంటే వరుస ముఖ్యం. మాస్టారు చెబుతుంటే నాకు వంటిల్లే కళ్ల ముందు ఆడింది. గిటారు నుంచి ముందు ట్యూనర్‌కి. శ్రుతి చూడాలంటే కల్తీ లేని మోత కావాలి కదా. తర్వాత వా, కంప్రెసర్. ఆ తర్వాత గరగర పెడల్. తర్వాత కోరస్ లాంటివి. చిట్టచివర డిలే, రివర్బ్, అక్కణ్నుంచి ఆంప్.

డిలేని గరగరకి ముందు పెడితే ఏమవుతుంది? ప్రతిధ్వనులన్నీ కలిపి ఆ గరగర నలిపేస్తుంది, ఏది అసలు స్వరమో ఏది ప్రతిధ్వనో తెలియని ముద్ద అవుతుంది. కొత్తిమీర ముందే వేసి పులుసు అరగంట మరిగించినట్టు. వెనక పెడితే గరగరలాడిన స్వరమే శుభ్రంగా తిరిగి తిరిగి వినపడుతుంది. ఇది శాసనమేమీ కాదు, కావాలని తారుమారు చేసి వాయించేవాళ్లూ ఉన్నారు. కానీ మొదలుపెట్టే పిల్లలు ఈ వరుసతో మొదలుపెడితే దెబ్బతినరు.

తొమ్మిది అడిగితే ఎన్ని కొనాలి?

ఇంటికొచ్చాక "నీకేం కావాలో కాగితం మీద రాయి" అన్నాను. తొమ్మిది పెడల్స్ రాసింది! సరే, ఒక్కోదాని పక్కన అది అవసరమయ్యే పాట పేరూ రాయమన్నాను, ఆ పాట ఇప్పటికే వాయించగలిగి ఉండాలని షరతు పెట్టాను. రెండు మిగిలాయి. ఒకటి గరగర పెడల్, రెండోది డిలే. మిగతా ఏడూ ఎవరో పెద్ద వాద్యకారుడి కాళ్ల దగ్గర ఫొటోలో చూసినవేనని అదే ఒప్పుకుంది. పండగ షాపింగుకి వెళ్లినప్పుడు పక్కావిడ బుట్టలోకి చూసి మనం కొనేవి గుర్తొచ్చి నేనేమీ అనలేదు.

ఇక్కడ ఇంకో దారి కూడా ఉంది. మల్టీ ఎఫెక్ట్స్ అని ఒకే పెట్టెలో పదుల కొద్దీ ఎఫెక్ట్స్ వస్తాయి. విడిగా మూడు పెడల్స్ కొనే డబ్బుకి అది రావచ్చు. ట్యూనర్, హెడ్‌ఫోన్ కన్నం కూడా చాలావాటిలో ఉంటాయి. ఏ మోత తనకి నచ్చుతుందో ఇంకా తెలియని పిల్లలకి ఇది మంచిదే. చిక్కేమిటంటే, మెనూలు తిప్పుతూ కూర్చుంటే గంట ఇట్టే గడిచిపోతుంది, వాయించడం పది నిమిషాలే ఉంటుంది. విడి పెడల్‌కి మూడే నాబులు. తిప్పితే ఏం మారిందో చెవికి వెంటనే తెలుస్తుంది. బాగుచెయ్యడం సులువు, అమ్ముకోవడమూ సులువు. ఇంకా తేల్చుకోలేకపోతే గిటారుని ఫోనుకి కలిపే చిన్న ఇంటర్ఫేస్ ఒకటి కొని, యాప్‌లో అన్ని రకాలూ వినిపించి చూడొచ్చు.

మాస్టారు చెప్పిన కొనుగోలు వరుస ఇదీ... ముందు ఆంప్. తర్వాత గిటారు తలకి క్లిప్పులా పెట్టుకునే ట్యూనర్, ఇది చౌక. తర్వాత మంచి కేబుల్. ఆ తర్వాతే మొదటి పెడల్. కేబుల్‌ని చిన్నచూపు చూడకండి. గిటారుది పల్చని కరెంటు కాబట్టి బయటి కరెంటు రొద చేరకుండా లోపల జల్లెడలాంటి కవచం ఉన్న ఇన్‌స్ట్రుమెంట్ కేబులే కావాలి. చూడ్డానికి ఒకేలా ఉండే స్పీకర్ కేబుల్ పనికిరాదు. ఇంట్లోకి మూడు మీటర్లు చాలు. పొడుగు పెరిగేకొద్దీ మోతలో పదును తగ్గుతుంది.

కరెంటు దగ్గరే తప్పు జరిగేది

మా పిల్ల దెబ్బ తిన్నది ఇక్కడే కాబట్టి ఇది వివరంగా రాస్తాను. చాలా పెడల్స్‌కి కావాల్సింది 9 వోల్టుల డీసీ కరెంటు. అడాప్టర్ మీద సన్నని అక్షరాల్లో మూడు సంగతులు ఉంటాయి.

ఒకటి వోల్టులు. పెడల్ మీద 9 అని ఉంటే 9దే పెట్టాలి. రౌటర్ అడాప్టర్లు చాలావరకు 12వి.

రెండోది పిన్ను గుర్తు. గుండ్రని గీత, మధ్యలో చుక్క, అటు ప్లస్సూ ఇటు మైనస్సూ ఉన్న చిన్న బొమ్మ ఉంటుంది. చుక్క నుంచి గీత మైనస్‌కి వెళ్తే పిన్ను మధ్యభాగం మైనస్ అన్నమాట. గిటారు పెడల్స్‌కి ఎక్కువగా కావాల్సింది ఇదే. ఇంట్లో ఉండే తక్కిన వస్తువుల అడాప్టర్లు చాలావరకు దీనికి ఉల్టా, మధ్యభాగం ప్లస్. పిన్ను దూరినంతమాత్రాన సరిపోయినట్టు కాదు!

మూడోది మిల్లీ ఆంపియర్లు. పెడల్ అడిగినంతా ఉండాలి, ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ ఉండకూడదు. మామూలు గరగర పెడల్‌కి పదీ ఇరవై చాలొచ్చు. డిజిటల్ డిలే లాంటివి వంద, అంతకు పైనా అడుగుతాయి.

ఒకే అడాప్టర్ నుంచి కొమ్మలుగా చీలిన వైరుతో నాలుగైదు పెడల్స్‌కి ఇవ్వొచ్చు గానీ ఒక్కోసారి గుయ్‌మని రొద వస్తుంది. పెడల్స్ పెరిగినప్పుడు ఒక్కోదానికి విడిగా కరెంటిచ్చే పవర్ సప్లై అవసరమవుతుంది. ఒక్క పెడల్‌కి 9 వోల్టుల చదరపు బ్యాటరీ కూడా సరిపోతుంది. అయితే వాయించడం అయ్యాక గిటారు వైపు కేబుల్ పెడల్‌లోంచి పీకెయ్యాలి. చాలా పెడల్స్‌లో ఆ జాక్ గుచ్చితేనే బ్యాటరీ కలుస్తుంది. కాలితో ఆపేశాం కదా అని వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ అయిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆంప్‌ని ఎర్తింగు సరిగ్గా ఉన్న మూడు పిన్నుల సాకెట్లోనే పెట్టాలి. పై పిన్ను విరిచేసి రెండు పిన్నుల దాంట్లో గుచ్చడం మన ఇళ్లలో అలవాటే. గిటారు తీగలు ఆంప్ ఎర్తుకే కలిసి ఉంటాయి, పిల్ల చేతులు ఆ తీగల మీద ఉంటాయి. మాస్టారు ఈ మాట చెప్పాక ఆ రాత్రే మావారు ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశారు. మా ముందు గదిలో సాకెట్‌కి ఎర్తు వైరే లేదని తేలింది!

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మన గిటారూ కేబులూ పట్టుకెళ్లి అక్కడే వాయించి చూడాలి. కాలి మీట పదిసార్లు నొక్కాలి. ప్రతి నాబూ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ చిటపటలు వస్తున్నాయేమో వినాలి. జాక్ వదులుగా ఊగకూడదు. బ్యాటరీ మూత తీసి లోపల పచ్చగానో తెల్లగానో పేరుకుందేమో చూడాలి. అడాప్టర్ ఏది వాడారో అడిగి చూపించమనాలి.

ఆడపిల్లకి కరెంటు గిటారేమిటి?

ఈ మాట మా బంధువుల్లో ఒకరు అన్నారు. మాస్టారు మా అమ్మాయికి ఒక వీడియో చూపించారు. సిస్టర్ రొసెట్టా థార్ప్ అనే నల్లజాతి అమెరికన్ గాయని 1964లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, వాడకంలో లేని ఒక రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద కోటు వేసుకుని, తడి వాతావరణంలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంటే ఎదుటి ప్లాట్‌ఫామ్ మీద కూర్చున్న కుర్రకారు చప్పట్లు కొడుతున్నారు. 1915లో పుట్టిన ఆమె చర్చి పాటలతో మొదలుపెట్టి, రాక్ సంగీతానికి దారి వేసిన వాళ్లలో ఒకరైంది. చనిపోయింది 1973లో. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకి చోటిచ్చింది మాత్రం 2018లో! మా పిల్ల ఆ వీడియో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

ఇంట్లో అసలు మద్దతు ఎవరి నుంచి వచ్చిందో తెలుసా? మా అత్తగారి నుంచి. ఆవిడ పుట్టిల్లు పాలకొల్లు దగ్గర. "మా పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ వాయించిందీ కరెంటు మాండొలినేగా! దాంతోనే త్యాగరాజ కీర్తనలు పలికించాడు. కరెంటుదైతే మాత్రం సంగీతం కాకుండా పోతుందా?" అన్నారు. నిజమే. మామూలు మాండొలిన్ తీగ మీటగానే ఠక్కున ఆగిపోతుంది. పికప్, ఆంప్ తోడైతే స్వరం నిలుస్తుంది, నిలిచిన స్వరం మీదే కదా గమకం పలికేది. అత్తగారు అలా తేల్చేశాక ఇంకెవరూ మాట్లాడలేదు.

కాలిపోయిన డబ్బా ఏమైంది?

మాస్టారే చెప్పారు, పారెయ్యొద్దు, ఒకసారి చూపించమని. మా వీధి చివర టీవీలూ మిక్సీలూ బాగుచేసే కుర్రాడికి ఇచ్చాం. తను పెడల్ ఎప్పుడూ చూడలేదట. నాలుగు మరలు విప్పి, మీటరు పెట్టి చూసి, "అమ్మగారూ, ఉల్టా కరెంటొస్తే లోపలి సామానుకి ఏమీ కాకుండా ఇక్కడో డయోడ్ పెడతారండీ. అది కాలిపోయి మిగతాదాన్ని కాపాడింది" అన్నాడు. కొత్త డయోడ్ రెండు రూపాయలు. పనికి 150 తీసుకున్నాడు. నాలుగు నెలలు పిల్ల గుండెల్లో మోసిన బరువు వెల మొత్తం 152 రూపాయలు.

సరైన అడాప్టర్ కొన్నాం, దీపావళికి చిన్న ఆంప్ కొన్నాం. ఆ సాయంత్రం కేబుల్స్ అన్నీ తగిలించి, "నువ్వే నొక్కమ్మా" అంది. చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి పట్టుకుని కాలి బొటనవేలితో నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. అది ఒక్క తీగ మీటితే ముందు గది కిటికీ అద్దాలు కూడా కదిలాయి. "గోలగా ఉందా?" అని భయంగా చూసింది. గోలగానే ఉంది. కానీ ఆ గోలలో ఏది ఓవర్‌డ్రైవో, ఏది డిస్టార్షనో ఇప్పుడు నాకు తెలుసు. "ఆ మధ్య నాబు కొంచెం తగ్గించు, బాగుంటుంది" అన్నాను. తగ్గించింది. బాగుంది.

మాస్టారి షరతు ఒకటి ఇంట్లో అమలవుతోంది. రోజూ అరగంట పెడల్ లేకుండా వాయించాకే దాని మీద కాలు పెట్టాలి. గరగరలో, ప్రతిధ్వనిలో చిన్న చిన్న తప్పులు కలిసిపోతాయట, చెవికి పట్టుబడవట.

జాబితాలో డిలే ఇంకా మిగిలే ఉంది. మొన్న రాత్రి వంటింట్లోకి వచ్చి, "అమ్మా, మా క్లాసు అమ్మాయి వాళ్ల అన్నయ్య డిలే అమ్ముతున్నాడట..." అని మొదలుపెట్టింది. గరిటె పక్కన పెట్టి అడిగాను.

"ఎన్ని వోల్టులు? పిన్ను మధ్యలో మైనస్సేనా? ఆదివారం నీ గిటారు పట్టుకుని ఇద్దరం వెళ్లి విందాం, పద."